ఈ మాట ఎవరు, ఎవరితో అన్నారు?
కథలో పాత్రల బంధాలు, వ్యాసంలో ఆధారాలు: పిల్లలకు ఇంట్లో ఎలా నేర్పాలి?



మీరు చదువుకున్న రోజుల్లో తెలుగు పరీక్ష పేపర్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉండేది. ఒక వాక్యం ఇచ్చి, "ఈ మాటలు ఎవరు ఎవరితో అన్నారు? సందర్భం వివరించండి" అని అడిగేవారు. సందర్భసహిత వ్యాఖ్య అంటే కొందరికి ఇంకా బాగా గుర్తొస్తుంది. చాలామంది దాన్ని బట్టీపట్టి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయి ఉంటారు. ఈ నెల తెలుగు విభాగం తరఫున మీతో మాట్లాడాలనుకున్నది ఆ పాత ప్రశ్న గురించే.

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా మన పిల్లలకు ఇప్పుడు రెండు పనులు తరచూ పడుతున్నాయి. కథలోనో కావ్యంలోనో ఇద్దరు పాత్రల మధ్య ఉన్న బంధాన్ని గురించి సొంత మాటల్లో రాయడం మొదటిది. ప్రాజెక్టు వ్యాసంలో ఏ విషయం ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పడం రెండోది. మొదటిది తెలుగు పీరియడ్ పని, రెండోది సోషల్ పీరియడ్ పని అని పిల్లలు అనుకుంటారు. కానీ రెండింటికీ కావలసిన అలవాటు ఒక్కటే. ఎవరు అన్నారు? ఎవరితో? అప్పటికి వాళ్లకేం తెలుసు? ఆ విషయంతో వాళ్లకున్న సంబంధం ఏమిటి? ఈ అలవాటు ఇంట్లో, అన్నం తింటూ కూడా నేర్పవచ్చు.

వరస చెబితే బంధం చెప్పినట్టు కాదు

మనందరికీ తెలిసిన కర్ణుణ్ణే తీసుకుందాం. ఈ కథకూ మన ప్రాంతానికీ దగ్గరి సంబంధం ఉంది. ఏలూరు పక్కనున్న పెదవేగి ఒకప్పటి వేంగి. ఆ పేరుతో రాజ్యమేలిన తూర్పు చాళుక్యుల వంశంవాడే రాజరాజనరేంద్రుడు. ఆయన కోరిక మీదనే 11వ శతాబ్దంలో నన్నయ రాజమహేంద్రవరంలో భారతాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టాడు.

కుంతికీ కర్ణుడికీ ఉన్న సంబంధం గురించి రాయమంటే ఎక్కువమంది పిల్లలు ఇలా రాస్తారు: "కర్ణుడు కుంతి కొడుకు. దుర్యోధనుడి స్నేహితుడు. గొప్ప దాత. కృతజ్ఞత గలవాడు." ఇందులో ఒక్క తప్పూ లేదు. కానీ చదివి రాసినట్టు లేదు, ఎవరో చెబితే విని రాసినట్టుంది. ఇక్కడ పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగండి.

మొదటి ప్రశ్న: వరసకు ఏమవుతారు? కుంతి కన్నతల్లి. రాధ పెంచిన తల్లి. అధిరథుడు పెంచిన తండ్రి. అర్జునుడు తమ్ముడు. దుర్యోధనుడు ఏ వరసా కాడు, స్నేహితుడు. ఇది పునాది మాత్రమే.

రెండో ప్రశ్న: అప్పటికి ఎవరికి ఏం తెలుసు? ఆదిపర్వంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన నాడు కర్ణుడు వచ్చి అర్జునుణ్ణి పోటీకి పిలుస్తాడు. ఎదురుగా నిలబడ్డవాడు తమ్ముడని అతనికి తెలియదు. అర్జునుడికీ తెలియదు. చూస్తున్న కుంతికి మాత్రం తెలుసు. ఉద్యోగపర్వానికి వచ్చేసరికి కృష్ణుడు చెప్పగా కర్ణుడికీ తెలుస్తుంది. పాండవులకు మాత్రం యుద్ధం ముగిశాక గానీ తెలియదు. అంటే వరస ఒక్కటే అయినా, తెలిసినదాన్ని బట్టి బంధం మారిపోతూ వచ్చింది. ఈ ఒక్క విషయం గమనించిన పిల్లాడు కథను సగం అర్థం చేసుకున్నట్టే.

మూడో ప్రశ్న: ఎవరు ఎవరికి ఏం బాకీ పడ్డారు? నీ కులమేమిటి, వంశమేమిటి అని సభలో అడిగినప్పుడు దుర్యోధనుడు కర్ణుణ్ణి అంగరాజ్యానికి రాజును చేశాడు. ఆ బాకీ కర్ణుడు చివరిదాకా మోశాడు. రాధ, అధిరథుల పెంపకం ఇంకో బాకీ. కన్నతల్లిగా కుంతి అతనికి ఇవ్వకుండా మిగిల్చింది ఆమె బాకీ. యుద్ధానికి ముందు నది ఒడ్డున ఆమె వచ్చి అడిగినప్పుడు ఈ బాకీలన్నీ ఒకేచోట ఎదురవుతాయి.

ఈ మూడూ ఆలోచించాక అదే పిల్లాడు ఇలా రాయగలడు: "కుంతి తన కన్నతల్లి అని తెలిశాక కూడా కర్ణుడు పాండవుల వైపు రాలేదు. తనకు రాజ్యమిచ్చిన స్నేహితుణ్ణి యుద్ధం ముందు వదిలేయడం తప్పనుకున్నాడు. అయినా తల్లిని ఉత్తచేతులతో పంపలేదు. అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురిని చంపనని మాటిచ్చాడు. కాబట్టి అతనికి రెండు బంధాలూ నిజమైనవే. ఇది ఉద్యోగపర్వంలో ఉంది."

ఇందులో ఒక అభిప్రాయం ఉంది, దానికి కథలోంచి రుజువుంది, ఆ రుజువు ఎక్కడుందో కూడా ఉంది. ఇంకొక అమ్మాయి దీనికి ఒప్పుకోకుండా, "కుంతి తల్లిగా కాదు, అయిదుగురు కొడుకుల భయంతో వచ్చింది" అని రాయవచ్చు. రుజువు చూపిస్తే ఆ జవాబూ మంచి జవాబే. సాహిత్యంలో ఇద్దరికీ పూర్తి మార్కులు రావచ్చునని పిల్లలకు చెప్పండి. గైడులోని జవాబుతో కలవలేదని కొట్టివేయించకండి.

పిలుపును గమనించమనండి

వ్యాస భారతంలో నది ఒడ్డున కుంతిని చూడగానే కర్ణుడు నమస్కరించి, తాను రాధకూ అధిరథుడికీ కొడుకునని చెప్పుకుంటాడు. కుంతి వెంటనే, నువ్వు రాధ కొడుకువు కావు, నా కొడుకువు అంటుంది. కథంతా ఆ పరిచయంలోనే ఉంది. తన పుట్టుక గురించి అప్పటికే విన్నవాడు తనను రాధేయుడిగానే ఎందుకు చెప్పుకున్నాడు? ఈ ప్రశ్న అడిగితే పదమూడేళ్ల పిల్లలు కూడా చాలాసేపు మాట్లాడతారు.

పాత్రల బంధం పట్టుకోవడానికి తెలుగు మనకు మంచి వీలు ఇచ్చింది. ఇంగ్లీషులో ఎదుటివారు ఎవరైనా ఒక్కటే 'యూ'. తెలుగులో నువ్వు, మీరు, తమరు, ఒరేయ్, ఏమండీ అన్న మాటలోనే వయసు, చనువు, గౌరవం, కోపం తెలిసిపోతాయి. మన గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లల్ని కూడా 'అండి' అని పలకరించే ఇళ్లున్నాయి. అలాంటి ఇంట్లో ఎప్పుడైనా 'అండి' తప్పిపోతే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది కదా! కథ చదివేటప్పుడూ అంతే. ఒక పాత్ర రెండో పాత్రను పిలిచే పిలుపు ఎక్కడ మారిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టమనండి. చాలా కథల్లో మలుపు అక్కడే ఉంటుంది.

ఏ వరసా లేని బంధాలూ ఉంటాయి. పాలగుమ్మి పద్మరాజు గారు మన పశ్చిమ గోదావరివారే. ఆయన కథ 'గాలివాన'కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. రైలు ప్రయాణంలో కలిసిన ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె, ఒక తుఫాను రాత్రి. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. మరి ఆ రాత్రి తర్వాత ఆ పెద్దమనిషిలో ఏం మారింది? ముగింపు ఇక్కడ చెప్పడం లేదు. ముందు మీరు చదివి, పదో తరగతి పిల్లలున్నవారు వాళ్లతో కలిసి మాట్లాడండి.

సినిమాలో చూశామా, పుస్తకంలో చదివామా?

ఇక రెండో పని, ఆధారం చెప్పడం. "మహాభారతం ప్రకారం అభిమన్యుడు శశిరేఖను పెళ్లాడాడు" అని ఒక అమ్మాయి రాసిందనుకోండి. ఆ అమ్మాయి తప్పేమీ కల్పించలేదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూసింది. అయితే వ్యాస భారతంలో బలరాముడి కూతురు శశిరేఖ కనిపించదు. అక్కడ అభిమన్యుడు పెళ్లాడింది విరాటుడి కూతురు ఉత్తరను. శశిరేఖ కథ మన జనం చెప్పుకున్న కథ, నాటకాల్లోంచి సినిమాలోకి వచ్చిన కథ. అందువల్ల అది తక్కువది కాదు. "మాయాబజార్ సినిమాలో" అని రాస్తే ఆ వాక్యం నిజం. "మహాభారతం ప్రకారం" అని రాస్తే తప్పు. వాక్యం చివర రాయవలసిన ఆధారం మారితే నిజం అబద్ధమైపోతుంది.

సీత గీత దాటకూడదన్న లక్ష్మణరేఖ కూడా ఇలాంటిదే. వాల్మీకి రామాయణంలో అది లేదు, తర్వాతి కథల్లోంచి వచ్చింది. కర్ణుడి సభలో కులం గురించి దుర్యోధనుడు చెప్పే ఆవేశపు సంభాషణలు చాలా ఇళ్లలో నోటికి వస్తాయి. అవి 1977 నాటి 'దానవీరశూరకర్ణ' సినిమాకు కొండవీటి వెంకటకవి గారు రాసినవి. వాటిని నన్నయ ఖాతాలో వేస్తే నన్నయకూ అన్యాయం, వెంకటకవి గారికీ అన్యాయం.

మన పాతకాలపువారికి ఈ జాగ్రత్త బాగా ఉండేది. పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్య చెబితే తెలుగు భారతంలో ఏ పద్యమైనా దొరికేస్తుంది. ఆదిపర్వం అంటే నన్నయ, ఉద్యోగపర్వం అంటే తిక్కన అని కూడా తెలిసిపోతుంది. ఒక్కోసారి ఏ ముద్రణ అన్నది కూడా చెప్పాలి. గురజాడ వారి 'కన్యాశుల్కం' 1897లో ఒకసారి అచ్చయింది, బాగా మార్చి పెంచిన రూపంలో 1909లో మళ్లీ వచ్చింది. మధురవాణి గురించి రాసేవారు ఏది చదివి రాస్తున్నారో చెప్పకపోతే వాదన మొదలవుతుంది.

కొల్లేరు మీద వ్యాసం: రెండు అంకెలూ నిజమే

మన విద్యార్థులకు ఎప్పుడో ఒకప్పుడు కొల్లేరు మీద ప్రాజెక్టు పడుతుంది. విస్తీర్ణం ఎంత అని వెతికితే ఒకచోట 901 చదరపు కిలోమీటర్లు అని, మరోచోట సుమారు 308 చదరపు కిలోమీటర్లు అని వస్తుంది. పిల్లలు ఏది పెద్దగా కనిపిస్తే అది రాసేస్తారు. నిజానికి రెండూ సరైనవే. 2002లో కొల్లేరును అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా, అంటే రామ్‌సార్ ప్రాంతంగా గుర్తించినప్పుడు చూపిన విస్తీర్ణం 901. 1999లో ప్లస్ అయిదు కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించిన భాగం సుమారు 308. ఆధారం రాయని అంకె దేన్ని కొలిచిందో తెలియదు.

కొల్లేరు ఏ జిల్లాలో ఉంది? పాత పుస్తకాలు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో అంటాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కైకలూరు ప్రాంతం ఏలూరు జిల్లాలో కలిసింది. పాత పుస్తకం అబద్ధం చెప్పలేదు, దాని కాలానికి అది నిజం. అందుకే పుస్తకం పేరుతో పాటు సంవత్సరం కూడా రాయమంటాం.

ఇప్పుడు కష్టమైన భాగానికి వద్దాం. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో ప్లస్ అయిదు కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. దాని గురించి అటవీశాఖ చెప్పేది ఒక కథ. చెరువు మీద పెట్టుబడి పెట్టిన రైతు చెప్పేది ఇంకొకటి. దోనె మీద వెళ్లి వల వేసుకునే లంక గ్రామాల మత్స్యకారుడిది మరొకటి. ఉప్పుటేరు గుండా నీరు లాగకపోతే పొలం మునిగే వరి రైతుది వేరొకటి. ఆటపాక గూడబాతుల్ని చూడటానికి వచ్చినవారిది ఇంకో చూపు.

ఇక్కడ పిల్లలు కర్ణుడి దగ్గర నేర్చుకున్నదే పనికొస్తుంది. ఆధారం కూడా ఒక పాత్రే. దానికీ బంధాలుంటాయి. చెప్పినవారికి కొల్లేరుతో ఉన్న సంబంధం ఏమిటి, వాళ్లకు ఏం తెలుసు, ఏం పోతుందని భయం? ఈ ప్రశ్నలు అడిగితే ఏ ఒక్కరినీ అబద్ధాలకోరు అనకుండానే అయిదుగురి మాటలూ పక్కపక్కన పెట్టి రాయవచ్చు. అక్కినేని కుటుంబరావు గారి నవల 'కొల్లేటి జాడలు' లాంటివి కూడా ఆధారమే. కానీ నవల మనుషుల బతుకు ఎలా మారిందో చెప్పడానికి ఆధారం. విస్తీర్ణం అంకెకు కాదు.

మన తల్లిదండ్రుల్లో చేపల, రొయ్యల చెరువులు ఉన్నవారు చాలామంది ఉంటారు. మీ అబ్బాయి కొల్లేరు మీద రాస్తూ మీ మాట దాచనక్కర్లేదు. "మా నాన్నగారు చేపల రైతు. ఆయన చెప్పిన ప్రకారం" అని రాస్తే సరిపోతుంది. సంబంధం బయటపెట్టి చెప్పిన మాటకు విలువ పెరుగుతుంది. మీకు నచ్చని రెండో వైపు మాట కూడా వాడు రాస్తే రాయనివ్వండి. ఇది కొంచెం కష్టమే. అయినా వాడికి మీరు ఇచ్చే పెద్ద చదువు అదే.

ఆధారం ఎలా రాయాలి?

పుస్తకమైతే రచయిత పేరు, పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం, పేజీ. పత్రికైతే పత్రిక పేరు, తేదీ. వెబ్‌సైటైతే దాన్ని నడిపే సంస్థ పేరు, పేజీ పేరు, చూసిన తేదీ. పెద్దలు చెప్పినదైతే వారి పేరు, ఊరు, మాట్లాడిన తేదీ, వారి అనుమతి. పై తరగతుల్లో ఇంకా పద్ధతులు వస్తాయి. మా దగ్గర ఇప్పటికి ఇది చాలు.

"ఆధారం: గూగుల్" అని రాయకూడదు. గూగుల్ దారి చూపిస్తుంది, చెప్పేది ఇంకెవరో. బస్టాండులో ఎంక్వయిరీ కౌంటర్ దగ్గర అడిగి బస్సెక్కినవాడు ఊరికి తీసుకొచ్చింది ఎంక్వయిరీ అనడు కదా! వికీపీడియాతో మొదలుపెట్టవచ్చు, కానీ అక్కడ ఆగకుండా ఆ పేజీ అడుగున ఇచ్చిన ఆధారాల దాకా వెళ్లాలి. చాట్‌జీపీటీ లాంటివి ఒక్కోసారి లేని పుస్తకాల పేర్లు, లేని పేజీలు నమ్మకంగా చెబుతాయి. అది చెప్పిన పుస్తకం నిజంగా ఉందో లేదో చూడకుండా రాయకూడదు. వాడుకుంటే వాడుకున్నానని రాయాలి.

"ఇన్ని ఆధారాలు రాస్తే కాపీ కొట్టినట్టు కనిపించదా, మార్కులు తగ్గవా?" అని మీటింగుల్లో కొందరు అడుగుతున్నారు. తగ్గవు. ఇతరుల మాట ఏదో చెప్పినప్పుడే పిల్లల సొంత మాట ఏదో మాకు తెలుస్తుంది. ఏ గుర్తూ లేకుండా అంతా కలిపి రాస్తే, నిజంగా వాళ్లు ఆలోచించిన రెండు మంచి వాక్యాలు కూడా ఎక్కడినుంచో ఎత్తినవే అనిపిస్తాయి. నష్టం అక్కడ జరుగుతుంది. నెట్ సెంటర్లో రంగుల ప్రింటు తీయించి అట్ట వేసిన ఇరవై పేజీల కంటే, చేత్తో రాసి ఆధారం చెప్పిన రెండు పేజీలు మాకు ఎక్కువ.

ఇంట్లో పెద్దలూ ఆధారమే

తాతయ్య చెప్పింది పుస్తకంలో లేదు కాబట్టి రాయకూడదని కొందరు పిల్లలు అనుకుంటారు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే గురించి ఇళ్లలో చెప్పుకునే మాటలు, కొల్లేటిలో మావులు వేసి చేపలు పట్టిన రోజులు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు నీళ్ల మీద వెళ్లిన జ్ఞాపకాలు ఇవన్నీ రాయదగినవే. అయితే తాతయ్య కళ్లారా చూసింది ఏది, ఎవరో చెబితే విన్నది ఏది అని పిల్లలు విడదీసి అడగాలి. అలా అడిగి రాసుకోకపోతే ఆ మాటలు ఆ తరంతోనే పోతాయి. ఏ వెబ్‌సైట్లోనూ మళ్లీ దొరకవు.

ఈ నెల ఇంట్లో చేయవలసినవి

మొదటి వారం: ఇంట్లో అందరికీ తెలిసిన ఒక కథ ఎంచుకోండి. రామాయణం చదివే పిల్లలైతే వాలి, సుగ్రీవులు గానీ రావణుడు, విభీషణుడు గానీ సరిపోతారు. ఒక కాగితం మధ్యలో ఒక పాత్ర పేరు, చుట్టూ మిగతావారి పేర్లు రాయించండి. ప్రతి గీత మీద వరసతో పాటు "అప్పటికి ఏం తెలుసు", "ఏం బాకీ" అని కూడా రాయించండి.

రెండో వారం: కలిసి ఒక పౌరాణిక సినిమా చూడండి. ఇందులో మూలంలో ఉన్నది ఏది, సినిమావాళ్లు చేర్చింది ఏది అని మూడు విషయాలు వెతకమనండి.

మూడో వారం: ఇంట్లోనో వీధిలోనో ఒక పెద్దవారితో పది నిమిషాలు మాట్లాడించండి. ఒక పేజీ రాయించి, చివర ఆధారం రాయించండి. రాసింది ఆ పెద్దవారికే చదివి వినిపించాలి.

నాలుగో వారం: వాట్సాప్‌లో మీకు వచ్చిన ఒక సందేశం పిల్లల ముందు తెరిచి, ఇది ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు అని మీరే అడగండి. జవాబు దొరకకపోతే దాన్ని ఎవరికీ పంపకుండా వదిలేయండి. పిల్లలు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.

మూడో వారం రాసిన పేజీని వచ్చే పేరెంట్స్ మీటింగుకు తీసుకురండి. సరిదిద్దకుండా, పిల్లలు రాసినది రాసినట్టే తేవాలని మనవి. మంచివి తరగతి గోడ మీద, చెప్పినవారి పేరుతో సహా పెడతాం.

తెలుగు విభాగం